సొంత ఇంటికి చుట్టపుచూపు

దూరపు కాపురం



క్రిందటి సంచికలో బ్యాంకాక్ కూరగాయల అంగళ్ళను గురించి నేను వ్రాసినది చదివి, కోయంబత్తూరు నుంచి ఒక అక్కయ్య ఉత్తరం వ్రాశారు. వారి అమ్మాయికి క్రొత్తగా పెండ్లి అయిందట. అల్లుడికి బ్యాంకాక్‌లో ఉద్యోగం. "పిల్ల తెలుగూ తమిళమూ ఇంగ్లీషూ మాట్లాడుతుంది. వంట వచ్చు, అణకువ వున్నది. ఇంకేమి నేర్పి పంపమంటావు?" అని అడిగారు. దీనికి జవాబు రెండు ముక్కల్లో చెప్పవచ్చును. కాని ఆ రెండు ముక్కలూ నేను ఎట్లా నేర్చుకొన్నానో చెబితేనే మనసుకు పడతాయి. అందుకని ఈ నెల నా తెలివితక్కువతనం కథే వ్రాస్తున్నాను.

మాది హోసూరు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం. 1956లో భాషలనుబట్టి రాష్ట్రాల హద్దులు గీసినప్పుడు మా ఊరు మద్రాసు రాష్ట్రంలోనే వుండిపోయింది. పరాయి భాష నడుమ బ్రతకడంలో మనవాళ్ళు ఆరితేరినవాళ్ళని మా నాయన గొప్పగా చెప్పుకొనేవారు. 2018లో మావారి ఉద్యోగంతో నేను బ్యాంకాక్ బయలుదేరినప్పుడు కూడా ఆయన ఆ మాటే అన్నారు. "మూడు భాషల నడుమ పెరిగినదానివి, నాలుగోది నీకొక లెక్కా? నోరు మంచిదైతే ఊరు మంచిది. పోయిరా అమ్మా."

వచ్చిన మొదటి వారం పాల సీసా మీద తేదీ చూసి బిత్తరపోయాను. ఏడాది దగ్గర 2561 అని వున్నది! ఈ పాలు విరగడానికి ఇంకా 543 ఏళ్ళు పడుతుందా అని మావారు నవ్వారు. ఈ దేశంలో బుద్ధుని నిర్వాణం నుంచి ఏళ్ళు లెక్కిస్తారు. మన లెక్కకు 543 కలిపితే వాళ్ళ ఏడు వస్తుంది. మందుల చీటీ, కరెంటు బిల్లు, పెరుగు డబ్బా, అన్నిటిమీదా ఇదే లెక్క. సగం చోట్ల చివరి రెండంకెలే వేస్తారు గనుక, తెలియనివాళ్ళకు మరీ గజిబిజి.

భాష సంగతికి వస్తే, మొదట నాకు ధైర్యమే కలిగింది. వాళ్ళ లిపి పల్లవుల లిపి నుంచి ఖ్మేరు దేశం మీదుగా దిగి వచ్చినదే. ఆహారాన్ని ఆహాన్ అంటారు, భాషను ఫాసా అంటారు. టెలిఫోనుకు పెట్టుకొన్న పేరు థోరసప్. విప్పి చూస్తే అది మన దూరశబ్దమే. విమానాశ్రయం పేరు సువర్ణభూమి అని వ్రాసి సువన్నఫూమ్ అని పలుకుతారు. ఇంత దగ్గరి భాష మూడు నెలల్లో రాకపోతుందా అనుకొన్నాను. కాని ఈ భాషలో ప్రతి మాటకూ ఒక రాగం వుంటుంది. రాగాలు అయిదు. 'మా' అని చదునుగా అంటే రావడం. గొంతు పైకెత్తి అంటే గుర్రం. క్రిందినుంచి పైకి లాగి అంటే కుక్క. మంచిమాటే అయినా రాగం తప్పితే మంచిమాటగా మిగలదు.

ఇది నాకు బాగా తెలిసివచ్చినది 2022లో ఒక వానాకాలపు రాత్రి. మా బాబుకు అప్పుడు మూడో ఏడు. ఒళ్ళు కాలిపోతూ వున్నది. మావారు పనిమీద చియాంగ్ మై వెళ్ళారు. ఫోనులో పిలిస్తే వానవల్ల ఒక్క టాక్సీ రాలేదు. బాబును భుజాన వేసుకొని వీధిలోకి దిగాను. ఆసుపత్రి మూడు కిలోమీటర్ల లోపే. దగ్గరే అని చెబితే వస్తారు గదా అని, ఆగిన బండి అతనితో "క్లయ్, క్లయ్" అన్నాను. ఆ మాటను పైనుంచి క్రిందికి జార్చి అంటే దగ్గర. చదునుగా అంటే దూరం. కంగారులో నేను చదునుగా అన్నాను. దూరం, దూరం అని నేనే చెబుతూంటే ఆ వానలో ఎవరు వస్తారు? ఇద్దరూ చేయి వూపి వెళ్ళిపోయారు.

అప్పుడు మా క్రింది వాటాలో వుండే డెబ్భై ఏళ్ళ పెద్దామె గొడుగు వేసుకొని బయటికి వచ్చింది. బాబు నుదురు చూసింది. మూడో బండి అతనితో రెండు మాటలు అన్నది, తానూ ఎక్కి కూర్చున్నది. ఆసుపత్రిలో తెల్లవారేదాకా నా ప్రక్కనే వున్నది. ఆ రాత్రి మా ఇద్దరి నడుమ జరిగిన సంభాషణ పది మాటలకు మించదు. మర్నాటినుంచి ఆమెను నేను 'యాయ్' అని పిలవసాగాను, అంటే అమ్మమ్మ. ఈ దేశంలోనూ మనలాగే వరుస కలిపి పిలుస్తారు. పండ్లమ్మే ఆమె పెద్దమ్మ, బండి తోలే అతను పెదనాన్న, కొట్లో కుర్రది చెల్లెలు. ఆ వరుస మాటలు నాలుగు వస్తే చాలు, ముఖాలు విప్పారుతాయి.

యాయ్ నాకు చాలా నేర్పింది. శాకాహారం అని ఎంత చెప్పినా చేపల రసం వేస్తారు. వాళ్ళ దృష్టిలో అది ఉప్పు వంటిది. 'చే' అన్న చిన్నమాట ఆమె చెప్పినదే. చే అంటే మాంసమే కాదు, గుడ్డు, పాలు, ఉల్లి, వెల్లుల్లి కూడా వుండవు. పసుపుపచ్చ జెండా మీద ఎర్ర అక్షరాలుంటే ఆ అంగడిలో నిశ్చింతగా తినవచ్చు. పిల్లలు ముద్దుగా కనబడితే మనం తల నిమురుతాము గదా, ఇక్కడ క్రొత్తవాళ్ళు అట్లా చేయకూడదు. కూర్చున్నప్పుడు అరికాలు ఎవరివైపూ చూపకూడదు. చెప్పులు బయట విడవడం మాత్రం మనకు ఒకరు నేర్పవలసిన పని లేదు.

ఇట్లా నోటి సంగతి మెల్లమెల్లగా చక్కబడింది. నేను పట్టించుకోనిది రెండోది, కాగితం.

ఈ దేశంలో పరాయివాడు ఎన్నేళ్ళు కాపురమున్నా వరుసగా తొంభై రోజులు కాగానే, ఫలానా ఇంట్లో వున్నానని ప్రభుత్వానికి విన్నవించుకోవాలి. 1979 నాటి చట్టం అది. గడువుకు పదిహేను రోజుల ముందునుంచి, దాటిన ఏడు రోజుల వరకూ వీలుంటుంది. ఆ పైన రెండు వేల బాట్ల జరిమానా. మనకు ఇల్లు అద్దెకిచ్చినవారు కూడా మనం వచ్చిన ఇరవైనాలుగు గంటల్లో తెలియజేయాలి. వీసా గడువు దాటి వుంటే రోజుకు అయిదువందల బాట్లు. భర్త ఉద్యోగం మీద వచ్చిన ఇల్లాలు విడిగా అనుమతి లేకుండా ఏ పనీ చేయకూడదు. వీధిలో సరుకు అమ్మడం, క్షురకవృత్తి వంటివి పూర్తిగా ఈ దేశస్థులకే. నాలుగు ఊరగాయలు పెట్టి అమ్ముదామనుకొన్న నా ఆలోచన అక్కడితో ఆగిపోయింది.

మొదటిసారి హాజరుకు వెళ్ళినప్పుడు ఒక తమాషా జరిగింది. మన తమిళదేశపు అలవాటు ప్రకారం నా పాస్‌పోర్టులో నాయన పేరు, నా పేరు కలిసి వున్నాయి. ఇక్కడ ఇంటిపేర్లు చట్టంవల్ల వచ్చినది 1913లోనే. ఈనాటికీ ఎంతటివారినైనా సొంత పేరుతోనే పిలుస్తారు. ఆ కార్యాలయంలో అమ్మాయి "ఖున్" అని గౌరవం చేర్చి మా నాయన పేరు మూడుసార్లు పిలిచింది. ఎవరో ముసలాయనను పిలుస్తున్నారని నేను తిన్నగా కూర్చున్నాను. నా వంతు పోయింది. ఇంటికి ఫోను చేసి చెబితే నాయన కడుపుబ్బ నవ్వారు. "నేను రాకుండానే నా పేరు బ్యాంకాక్ చూసిందన్నమాట!"

2024 ఆగష్టులో ఒక అర్ధరాత్రి హోసూరు నుంచి మా తమ్ముడు ఫోను చేశాడు. నాయనకు బాగా లేదు. "నీ పేరే అడుగుతున్నారక్కా." మూడు గంటల్లో బెంగుళూరు విమానం. బాబును మావారికి వదిలి, దొరికిన చీరలు సంచిలో కుక్కుకొని పరుగెత్తాను. విమానాశ్రయంలో ముద్ర వేసే అతను నా పాస్‌పోర్టు త్రిప్పి ఏదో అడిగాడు. నాకు సగమే అర్థమయింది. తల వూపాను. ముద్ర వేసి పంపేశాడు.

నేను వెళ్ళేసరికి నాయనకు తెలివి వున్నది. నా చేయి పట్టుకొని, "వాళ్ళ భాష వచ్చిందా?" అని అడిగారు. "వచ్చింది నాయనా" అన్నాను. మూడోనాడు తెల్లవారుజామున వెళ్ళిపోయారు.

కర్మలన్నీ ముగించుకొని తిరిగి వస్తే, ఇక్కడి అధికారి నా పాస్‌పోర్టు చాలాసేపు చూశాడు. నా పాత అనుమతి చెల్లదన్నాడు. ఏడాదికొకసారి పొడిగించే ఆ అనుమతి, తిరిగి రావడానికి వేరే కాగితం తీసుకోకుండా దేశం దాటితే దానంతట అదే రద్దవుతుంది. వెళ్ళేటప్పుడు ఆ మొదటి అధికారి అడిగినది ఈ కాగితాన్ని గురించే. ఆ కాగితమిచ్చే బల్ల విమానాశ్రయంలోనే వున్నదట. దాని ప్రక్కనుంచే నేను పరుగెత్తాను. ఆ జూలైలోనే మనదేశపు యాత్రికులకు వీసా లేకుండా అరవై రోజులు వుండే వీలు కల్పించారు గనుక, లోపలికి రానిచ్చారు. ఎట్లా? యాత్రికురాలిగా. ఆరేళ్ళ నా కాపురానికి, నా బిడ్డ వున్న ఇంటికి, నేను అరవై రోజుల చుట్టపుచూపుగా వచ్చాను.

ఇందులో ఎవరినీ అనవలసినది లేదు. పుస్తకంలో వ్రాసి వున్న నియమమే. చదవని తప్పు మాది. ఒకసారికి వెయ్యి బాట్లు, ఎన్నిసార్లయినా వెళ్ళిరావడానికి మూడు వేల ఎనిమిదివందలు. ఏడాది పొడిగింపు నాడే మరో కాగితం నింపి వుంటే పోయేది. అది చేయనందుకు పెండ్లి సర్టిఫికెట్టు, దాని అనువాదం, ఇంటి కాగితాలు పట్టుకొని దాదాపు రెండు నెలలు తిరిగాము. ఆ రోజుల్లో బాబు రాత్రిపూట లేచి, "అమ్మా, నువ్వు మళ్ళీ పోతావా?" అని అడిగేవాడు. దానికి జవాబు చెప్పలేకపోవడం జరిమానాలన్నిటికన్నా పెద్దది.

నాయన మాటను గురించి అప్పుడు చాలా ఆలోచించాను. ఆయన చెప్పినది అబద్ధం కాదు. కాని ఆయనకు తెలిసిన పరాయితనం భాషకు సంబంధించినదే. డెబ్భై తొమ్మిదేళ్ళ జీవితంలో ఆయన ఒక్కసారి కూడా 'నేనిక్కడ వున్నాను' అని ఎవరికీ విన్నవించుకోలేదు. మన సంఘంలోని కుటుంబాలు మైసూరు సీమలో వున్నా, గంజాములో వున్నా, షోలాపూరులో వున్నా భాష వేరైనా మనిషి వేరు కాదు. ఇంటి గడప మనదే. ఇక్కడ అట్లా కాదు. నేల కొనడానికి కూడా మనకు హక్కు లేదు. అది వాళ్ళ దేశం, వాళ్ళ నియమం. మనం అతిథులమని గుర్తుంచుకోవడం మన పని.

కాని కాగితం ఒక్కటే కాపురం నిలబెట్టదని కూడా అప్పుడే చూశాను. నేను హోసూరులో వున్న పదహారు రోజులూ మావారు ఆఫీసుకు పోతే బాబును చూసుకొన్నది యాయ్. చేపల రసం వేయకుండా, మన గంజన్నం వంటి 'ఖావ్ తోమ్' వండి పెట్టిందట. నేను వచ్చిన రోజున వాడు కంచం ముందు కూర్చొని "ఇమ్" అన్నాడు. అంటే కడుపు నిండింది అని. ఆమెకు ఏమిచ్చి ఋణం తీర్చుకోను? చేతులు జోడిస్తే "మై పెన్ రై" అన్నది, ఫరవాలేదని అర్థం.

కనుక అక్కయ్యా, మీ అమ్మాయి పెట్టెలో పప్పు, చింతపండు సర్దేముందు ఈ రెండూ సర్దండి. ఒకటి, కాగితాల సంచి. పెండ్లి సర్టిఫికెట్టు అసలుది, నకళ్ళు, ఫోటోలు అందులో వుండాలి. తొంభై రోజుల తేదీ గోడమీద వుండాలి. తిరుగు అనుమతి కాగితం ఎప్పుడూ పాస్‌పోర్టులోనే వుండాలి. పుట్టింటి నుంచి ఫోను ఏ రాత్రి వస్తుందో ఎవరికీ తెలియదు. నేను చెప్పిన రుసుములు, గడువులు మారుతూ వుంటాయి గనుక వెళ్ళగానే అక్కడి కార్యాలయంలో అడగమనండి. రెండోది, ఇరుగుపొరుగు. వెళ్ళిన వారంలోపు ప్రక్కవాటా తలుపు తట్టి, నాలుగు వరుస మాటలు నేర్చుకోమనండి. అత్యవసరానికి అంబులెన్సు నంబరు 1669; కాని దానికన్నా ముందు పలికేది ప్రక్కింటి గొంతే.

మొన్న యాయ్ ఇంటికి మురుకులు ఇవ్వడానికి వెళ్ళాను. వాళ్ళ గోడ క్యాలెండరులో వచ్చే నెల ఒక తేదీ చుట్టూ ఎర్రసిరాతో గుండ్రంగా గీసి వున్నది. ఎవరిదైనా పుట్టినరోజా అని అడిగాను. కాదని తల వూపి, నావైపు వ్రేలు చూపించింది. నా తొంభై రోజుల హాజరు తేదీ అది.

వచ్చే నెల సీలోమ్ ప్రాంతపు మారియమ్మ గుడిలో నవరాత్రులను గురించి వ్రాస్తాను.