అడుసు తొక్కనేల?

మొన్న డిసెంబరు మొదటి ఆదివారంతో నా సైక్లోక్రాస్ సీజన్ ముగిసింది. ఎనిమిది రేసులకు డబ్బు కట్టాను, ఆరింటికి వెళ్ళాను, ఐదింటిని చివరిదాకా తొక్కాను. మొత్తం మీద నా ఘనత 36వ స్థానం, 49 మందిలో. ఆఖరి రేసు అయిన రాత్రే ఇక్కడ తెలుగువాళ్ళింట్లో పుట్టినరోజు విందు. నా మోచేతి మీద గీరుడు చూసి ఒకాయన పలకరించాడు.

“ఏం బ్రదర్, ఇవాళ ఎన్నో ప్లేసు?”

“ముప్పై ఎనిమిది.”

“ఎంతమందిలో?”

“యాభై రెండు.”

ఆయన చావు కబురు విన్నవాడిలా కాసేపు ప్లేటు కేసి చూసుకుని, “మరి వెళ్ళడం ఎందుకండీ?” అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అంతుపట్టక అడిగాడు. అప్పుడు నా నోట్లో గారె ఉంది. జవాబు ఇప్పుడు చెబుతున్నాను.

మాది కోనసీమ, ముమ్మిడివరం దగ్గర పల్లె. ఉంటున్నది సియాటిల్‌కు ఉత్తరాన బోథెల్‌లో. వయసు 44. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, కొంచెం షుగరు. మూడేళ్ళ కింద ఒక సహోద్యోగి రేసు చూడ్డానికి పార్కుకు వెళ్ళి, మరుసటి నెలలో 900 డాలర్లు పెట్టి ఎవరో వాడిన అల్యూమినియం సైకిల్ కొన్నాను. పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిలు, పళ్ళు పళ్ళుగా ఉన్న సన్న టైర్లు.

ఆట సంగతి తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. పార్కులో గూటాలు పాతి, ప్లాస్టిక్ టేపు కట్టి, ఇంచుమించు మూడు కిలోమీటర్ల చుట్టు వేస్తారు. గడ్డి, బురద, ఇసుక, మెట్లు, ఏటవాలు గట్లు, అన్నీ ఆ చుట్టులోనే. దారికి అడ్డంగా రెండు పలకలు నిలబెడతారు, 40 సెంటీమీటర్ల ఎత్తు దాకా. అక్కడ సైకిల్ దిగి, ఎత్తి, దాటి, పరుగు ఆపకుండానే మళ్ళీ సీటు మీదికి ఎగరాలి. గట్టు మరీ నిట్రంగా ఉంటే సైకిల్ భుజాన వేసుకుని ఎక్కాలి. మా తరగతికి 45 నిమిషాలు, ప్రపంచ స్థాయి వాళ్ళకు దాదాపు గంట. ఫ్రాన్సులో, బెల్జియంలో రోడ్డు రేసుల వాళ్ళు చలికాలంలో ఒళ్ళు బిగుసుకుపోకుండా చేసిన సాధన ఇలా ఆటైంది. 1910లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన ఆక్టేవ్ లాపీజ్ ఆ గెలుపును ఈ శీతకాలపు తొక్కుడు ఖాతాలోనే వేశాడు. ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1950లో పారిస్‌లో మొదలైంది. ఆడవాళ్ళను మాత్రం 2000 దాకా అందులోకి రానివ్వలేదు. యూరప్ వాళ్ళేదో మనకంటే ముందు మేలుకున్నారనుకునే మిత్రులకు ఈ ముక్క ప్రత్యేకంగా చెబుతుంటాను.

మా అమ్మకు ఫోన్లో ఎన్నిసార్లు వివరించినా తలకెక్కలేదు. ఆమెకు తెలిసిన సైకిల్ వీరుడు ఒక్కడే. నా చిన్నప్పుడు మా ఊరి హైస్కూలు గ్రౌండులో వారం రోజులు దిగకుండా సైకిల్ తొక్కినవాడు. స్నానం, భోజనం, కునుకుపాట్లు అన్నీ సైకిల్ మీదే. మైకులో పాటలు, రాత్రిళ్ళు ట్యూబులైట్లు. జనం ఆయన చొక్కాకు పిన్నీసులతో రూపాయి నోట్లు గుచ్చేవాళ్ళు. “దిగకుండా తొక్కితే గొప్ప గానీ, దిగి మోసుకుపోవడం ఏమిట్రా! అడుసు తొక్కనేల, కాలు కడగనేల?” అంది అమ్మ. నేను సైకిల్ భుజాన వేసుకున్న ఫొటో పంపితే మాత్రం కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “మీ నాన్న నాగలి మోసినట్టే ఉన్నావు” అంది.

పిన్నీసుల దగ్గరే ఇంకో పోలిక ఉంది. నా చొక్కాకు నంబరు గుచ్చడానికి ఎనిమిది కావాలి. సీజన్ మొదలైతే మా ఆవిడ చీరలకు పిన్నీసు మిగలదు. ఇక ఇక్కడి ఔత్సాహికుల రేసుల్లో ఒక అలవాటు: టేపు అవతల నిలబడ్డవాళ్ళు డాలరు నోటు చాచి పట్టుకుంటారు, పోతూ పోతూ లాక్కోవాలి. ఈ ఏడాది నా సంపాదన మూడు డాలర్లు. ఒకటి తడిసి చిరిగింది.

సెప్టెంబరులో మొదటి రేసు. అప్పటికి ఇక్కడ వానలు రావు, నేల గట్టిగా ఉంటుంది. ముందు వరుసలు పాయింట్లున్నవాళ్ళవి. నాలాంటివాళ్ళం వెనక. మూడో బంతిలో కూర్చున్నట్టే, ముందువాళ్ళు లేపిన దుమ్మే మనకు వడ్డన. విజిల్ వేయగానే కుర్రాడిలా రెచ్చిపోయాను. ఆరో నిమిషానికి గుండె చెవుల్లో కొట్టుకుంది, పదో నిమిషానికి అందరూ దాటిపోయారు. 51 మందిలో 48. రెండో రేసులో బుద్ధిగా తొక్కి 44. ఆ రెండింటిలోనూ నా ముందే ఉన్న వెనకచక్రం ఒకటుంది. ఎర్ర హెల్మెట్టు పెద్దాయన, అరవైకి దగ్గర్లో ఉంటాడు. ఎక్కడ దాటబోయినా ఒక మలుపు ముందే నా దారికి అడ్డంగా వచ్చేసేవాడు. మా అమ్మాయి రెండో రేసు తర్వాత తీర్మానించింది: “నాన్నా, నువ్వు గెలవక్కర్లేదు. ఆ రెడ్ హెల్మెట్ అంకుల్‌ని కొట్టు చాలు.”

అక్టోబరులో ముసురు పట్టింది. రెండు రోజులు ఆగకుండా కురిసిన ఆదివారం మూడో రేసు. టైర్లలో గాలి 22 పీఎస్‌ఐకి దించాను, గట్టి నేలకైతే 28 కొడతాను. ఈ ఆటలో సగం కబుర్లు ఆ గాలి గురించే. రెండో చుట్టుకల్లా పార్కు వెనక గట్టు దమ్ము చేసిన చేనైపోయింది. మంచి మంచి సైకిళ్ళవాళ్ళు చీలమండల దాకా దిగబడి అరుస్తున్నారు. నాకు మాత్రం ముప్పై ఏళ్ళ కింద మా ఆకుమడి నుంచి నారుకట్టలు మోసిన కాళ్ళు గుర్తొచ్చాయి. అడుసులో మడమ ఆననివ్వకూడదు. చిన్న చిన్న అడుగులు, మునివేళ్ళ మీద. కాలు దిగబడితే నిలువుగా లాగకూడదు, కాస్త మెలితిప్పి తీయాలి. ఇది ఏ కోచ్ దగ్గరా నేర్చుకోలేదు, మా నాన్న తిడితే వచ్చిన విద్య. ఆ గట్టు మీదే ఏడుగుర్ని దాటాను. అందులో ఎర్ర హెల్మెట్టు ఒకటి. 36వ స్థానం ఆ రోజుదే. ఈ ఆటలో చూసేవాళ్ళు ఆవుల మెడగంటలు మోగిస్తారు. నా చెవికవి మా ఊళ్ళో పొద్దుగూకే వేళ గొడ్లు ఇంటికి మళ్ళిన చప్పుడు.

ఆ పొగరు రెండు వారాలు కూడా నిలవలేదు. నాలుగో రేసులో గడ్డీ బురదా కలిసి వెనక గేర్లలో చుట్టుకున్నాయి. గేర్ల యంత్రాన్ని చట్రానికి పట్టి ఉంచే వేలెడు లోహపు ముక్క ఒకటుంటుంది, అది పుటుక్కున విరిగింది. పెద్ద ఆటగాళ్ళకు పిట్‌లో రెండో సైకిల్ కాచుకుని ఉంటుంది, బురద రేసుల్లో అరచుట్టుకోసారి మార్చుకుంటారు, మురికి పట్టినదాన్ని మనుషులు కడిగిపెడతారు. నాకు రెండోది లేదు. విరిగినదాన్ని మోసుకుంటూ అరచుట్టు పరిగెత్తి, పిట్ చేరి, ఏం చేయాలో తెలియక టేపు కింద నుంచి దూరి బయటికొచ్చాను. ఫలితాల పట్టీలో నా పేరు పక్కన ‘పూర్తి చేయలేదు’. చిత్రమేమిటంటే 48వ స్థానం కన్నా అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఐదో రేసు నాడు ఆఫీసు సర్వర్లు పడుకున్నాయి, నేను వాటిని లేపుతూ ఇంట్లో ఉన్నాను. ఆరో రేసులో పలకల దగ్గర వెనక కాలు తగిలి బొక్కబోర్లా పడ్డాను. లేచి 43వ వాడిగా వచ్చాను గానీ పక్కటెముక కమిలి, పదిరోజులు తుమ్మాలంటే భయం. దానితో ఏడోదీ పోయింది. మా ఆవిడ ఏమీ అనలేదు. ఆవిరి పట్టించింది, తుడిచి పెట్టిన సైకిల్‌ని గ్యారేజీలో మూలకు నెట్టి దాని ముందు బియ్యం బస్తా పెట్టింది.

ఇక ఆ విందులో అడిగిన ప్రశ్న. 2001లో ఎంసెట్ రాశాను. ర్యాంకు 11 వేల చిల్లర. ఆ అంకె చాలా ఏళ్ళు నా ఇంటిపేరులా నడిచింది. ఏ కాలేజీ, ఏ బ్రాంచి, ఏ మేనమామ ఎలా పలకరించాలి, అన్నీ అదే తేల్చింది. మన పిల్లలకు ర్యాంకు ఒక్కసారి వస్తుంది, వచ్చి నెత్తిన కూర్చుంటుంది. ఆటల్లో దీనికి సరిగ్గా ఎదురు. మండలస్థాయి పోటీలకు వెళ్ళండి: ప్రథమ, ద్వితీయ, తృతీయ. నాలుగోవాడి పేరు ఏ కాగితం మీదా ఉండదు. పదో తరగతి దాటాక ఆ నాలుగోవాడు, నలభయ్యోవాడు ఆడటమే మానేస్తారు. మిగిలేది టీవీలో క్రికెట్, పొట్ట.

మా స్థాయి సైక్లోక్రాస్‌లో చివరివాడికి చోటు నియమాల్లోనే ఉంది. మొదట్లో ముందున్నవాడి చుట్టు సమయం చూసి ఎన్ని చుట్లో అధికారులు లెక్కగడతారు. గెలిచినవాడు గీత దాటాక మిగతా అందరూ తామున్న చుట్టు పూర్తి చేసి ఆగాలి. ఒక చుట్టు వెనకబడినా, రెండు చుట్లు వెనకబడినా అంతే. కాబట్టి ఆఖరివాడు చీకట్లో ఒంటరిగా, కుర్చీలు మడతపెడుతున్న మైదానంలోకి రాడు, అందరితో పాటే వస్తాడు. దారి మీద మొదటివాడూ చివరివాడూ పక్కపక్కనే ఉంటారు. గంట మోగించే ముసలమ్మకు ఎవరు ఎన్నో చుట్టులో ఉన్నారో తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. ఫలితాల పట్టీలో మాత్రం ఆఖరి పేరు దాకా రాస్తారు, సెకన్లతో సహా. అందరికీ మెడల్ ఇచ్చి భుజం తట్టే పరుగు పందేలు ఇప్పుడు మన నగరాల్లోనూ ఉన్నాయి. తప్పు పట్టను. నాకు మాత్రం ఆ మెడల్ కన్నా 38 అనే నిజం నచ్చుతుంది. వచ్చే ఆదివారానికి ఆ అంకె చెల్లదు, ఇంకోటి వస్తుంది.

ఈ ఆటలో గెలుపు పిచ్చి లేదని కాదు. 2016లో బెల్జియంలోని జోల్డర్‌లో ప్రపంచ పోటీలప్పుడు ఒక సైకిల్ చట్రంలో దాచిన మోటారు దొరికింది. 2025లో మాథ్యూ వాన్‌డర్ పూల్ ఏడోసారి ప్రపంచ ఛాంపియనై ఎరిక్ డి వ్లామింక్ రికార్డును అందుకున్నప్పుడు నేనూ కుర్చీలోంచి లేచి అరిచాను. ఖర్చు లేదనీ అనను. రేసుకు 40 డాలర్ల పైచిలుకు, పెట్రోలు, విరిగిన ముక్కలు. చలి దేశపు ఉద్యోగస్తుల సరదా అంటే ఒప్పుకుంటాను.

ఆఖరి రేసు గురించి చెప్పి ముగిస్తాను. నాలుగు డిగ్రీల చలి, వేళ్ళు బ్రేకులు పట్టుకోవడం మానేశాయి. చివరి చుట్టు గంట మోగేసరికి ఎర్ర హెల్మెట్టు నా పక్కనే. ఇసుకలో ఇద్దరం దిగి పరిగెత్తాం, నేను ముందు ఎక్కాను, ఆయన ఆఖరి మలుపులో లోపలి గీత పట్టాడు. అరచక్రం తేడా. ఆయన 37. కడగడానికి గొట్టం దగ్గర వరుసలో నిలబడితే ముందున్నది ఆయనే. వణుకుతున్న వీపు నా వైపు తిప్పి, నంబరు ఊడదీసి పెట్టమన్నాడు. నా వేళ్ళు కూడా పనిచేయలేదు. మా అమ్మాయి వచ్చి ఇద్దరి పిన్నీసులూ తీసింది.

సంక్రాంతి వస్తోంది. కోతలై, దాళ్వా వేయని మెరక చేలు ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి. చేనూ, చెరువు గట్టూ, బడి గ్రౌండూ కలిపి కిలోమీటరున్నర చుట్టు వేయడం ఒక పూట పని. పలకలకు బదులు కొబ్బరి మొద్దులు చాలు. సైకిల్ ఏదైనా పర్లేదు, పాలక్యాన్లు మోసేదైనా సరే. హైస్కూలు ఆడపిల్లలకు ప్రభుత్వం ‘బడికొస్తా’ అంటూ పంచిన సైకిళ్ళు కొన్ని ఇంకా తిరుగుతూనే ఉంటాయి, వాళ్ళకూ ఒక రేసు పెట్టండి. నలభై దాటినవాళ్ళకు విడిగా పెట్టండి, పొట్టలు చూసి నవ్వండి, పర్లేదు. బండలాగుడు పోటీల కమిటీలకు, బడి పీఈటీ మాస్టార్లకు నా మనవి ఒక్కటే: ఫలితాలు గోడకు అంటించేటప్పుడు మూడు పేర్లతో ఆపకండి, చివరి పేరు దాకా రాయండి. నేను జనవరి 11న ఊరికొస్తున్నాను. పిన్నీసులు నేను తెస్తాను.