ఆముదపు చెట్టును తక్కువ చూడకండి

"చెట్లు లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం" అని సామెత. క్లాసులో ఒక మిత్రుడు నా మీద ఈ సామెత విసిరితే అందరితోపాటు నేనూ నవ్వాను. నవ్వుతూనే మా ఎర్రచెల్క గుర్తుకొచ్చింది. పాలమూరులో వాననే నమ్ముకొని మా నాయన ఏళ్ళ తరబడి ఆముదాలు వేశాడు. దాసరి పురుగు ఆకు తిన్నా, ముసురుకు గెలలు బూజు పట్టినా ఎంతో కొంత చేతికొచ్చే పంట అదే. నా ఇంటర్ ఫీజు ఆ గింజల డబ్బుతోనే కట్టాడు. ఇప్పుడా రెండెకరాల్లో పత్తి ఉంది. ఆముదానికి గిట్టుబాటు లేదని మానేశాడు.

ఆ ఆముదానికీ, మన చేతిలోని ప్లాస్టిక్‌కూ సంబంధం ఉందని బి.యస్సీ.లో చేరాకే నాకు తెలిసింది.

పి.వి.సి. అనే ప్లాస్టిక్ స్వతహాగా గట్టిది, పెళుసు. ఇంటి నీళ్ళ పైపు అదే, ఆసుపత్రిలో సెలైన్ గొట్టమూ అదే. గొట్టానికి మెత్తదనం ఇచ్చేది అందులో కలిపే నూనె వంటి ద్రవం. దాన్నే ప్లాస్టిసైజర్ అంటారు. మెత్తని సరుకు బరువులో ఇది 30 నుంచి 40 శాతం దాకా ఉండవచ్చు. 1926లో అమెరికాలో వాల్డో సెమన్ పి.వి.సి.ని ఇలా మెత్తబరిచిన తర్వాతే అది ఇంటింటి వస్తువు అయింది.

చిక్కు ఏమిటంటే, ఈ ద్రవం ప్లాస్టిక్‌తో రసాయనికంగా ముడిపడదు. అణువుల సందుల్లో ఇరుక్కొని ఉంటుంది. నూనె, కొవ్వు, రక్తం తగిలితే కొద్దికొద్దిగా బయటికి వస్తుంది. పెట్రోలియం నుంచి తయారయ్యే థాలేట్లనే చాలాకాలం ఎక్కువగా వాడారు. వాటిలో కొన్ని శరీరంలోని హార్మోన్లను తారుమారు చేస్తాయని తేలింది. అందుకే పసిపిల్లలు నోట పెట్టుకొనే బొమ్మల్లో వాటిని యూరప్ 1999లో తాత్కాలికంగా ఆపింది. 2005లో మూడు రకాల థాలేట్లను బొమ్మలన్నిటిలోనూ నిషేధించింది. అమెరికా 2008లో చట్టం చేసింది. మన దేశంలో 2021 జనవరి నుంచి బొమ్మలకు ఐ.ఎస్.ఐ. మార్కు తప్పనిసరి. ఆ ప్రమాణాల్లోనూ థాలేట్లకు పరిమితి ఉంది.

మరి వాటి బదులు ఏం కలపాలి? మొక్కల నూనెలు కలపవచ్చు. ఇది కొత్త సంగతేమీ కాదు. పి.వి.సి. వాడుకలోకి రాకముందే నైట్రోసెల్యులోజ్‌లో ఆముదం కలిపి కృత్రిమ తోలు చేశారు. ఇవాళ సీసా మూతల లోపలి మెత్తని పూతలో ఇపాక్సీకరించిన సోయా నూనె వాడుతున్నారు. ఆముదాన్ని హైడ్రోజనీకరించి, ఎసిటైలీకరించి చేసిన ప్లాస్టిసైజర్ కూడా మార్కెట్లోకి వచ్చింది.

ఇదంతా చదివి నాకు హుషారు పుట్టింది. మాస్టారి అనుమతితో ల్యాబులో పి.వి.సి. పొడిని ద్రావణిలో కరిగించి, మా ఇంటి ఆముదమే కలిపి గాజుపలక మీద పోశాను. వారం తిరిగేసరికి ఆ పొర చెమట పట్టినట్టు నూనె కక్కింది. నా మొహం ఆముదం తాగినట్టయింది! మాస్టారు నవ్వి కారణం చెప్పారు. ఆముదంలో నూటికి 85 పాళ్ళకు పైగా ఉండే రిసినోలిక్ ఆమ్లానికి హైడ్రాక్సిల్ గుంపు ఉంది. వాటివల్ల నూనె అణువులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, ప్లాస్టిక్‌తో సరిగా కలవవు. ఎసిటైలీకరణతో ఆ గుంపును కప్పేస్తే పొత్తు కుదురుతుంది. అంటే చేలో పండితే చాలదు, దానికి కెమిస్ట్రీ తోడు కావాలి.

"మొక్క నుంచి వచ్చింది కాబట్టి మంచిదే" అనే మాటను మాత్రం నేను ఒప్పుకోను. ఆముదపు గింజలోనే రైసిన్ అనే విషం ఉంది. గింజలు మేసిన గొడ్డు ఏమవుతుందో రైతును అడగండి. ఇంకో సంగతి. రక్తపు సంచుల్లో వాడే థాలేట్ ఎర్రకణాలు త్వరగా చెడిపోకుండా కాపాడుతుంది. దాన్ని తీసేసేముందు బదులుగా వచ్చేదాన్ని క్షుణ్ణంగా పరీక్షించాలి. ధర కూడా లెక్కలోకి తీసుకోవలసిందే. అయినా నా ఓటు ఆముదానికే. సోయా తిండి నూనె, దాన్ని ఫ్యాక్టరీకి మళ్ళిస్తే వంటింటి మీద భారం పడుతుంది. ఆముదం వంటనూనె కాదు, పైగా మెట్టచేలో పండుతుంది.

ప్రపంచపు ఆముదాల్లో అధికభాగం మన దేశానివే. అందులో పెద్దవాటా గుజరాత్‌ది. మనకేం తక్కువ? పాలెం పరిశోధన స్థానం క్రాంతి, హరిత వంటి వంగడాలిచ్చింది. రాజేంద్రనగర్‌లో నూనెగింజల పరిశోధన సంస్థ ఉంది. తార్నాకలోని ఐ.ఐ.సి.టి.లో నూనెల రసాయనశాస్త్రం మీద పని జరుగుతోంది. ఉండవలసినవన్నీ ఉన్నాయి. గింజకూ ప్రయోగశాలకూ నడుమ దారే సరిగా లేదు. గింజ అమ్ముకొనే ఊళ్ళ దగ్గరే నూనె గుణం మార్చే చిన్న కర్మాగారాలు రావాలి. మనమూ ప్రాజెక్టు పేరిట పాత రికార్డులు తిరగరాయడం మాని, ఇలాంటి పని ఒక్కటైనా చేతికి తీసుకోవాలి.

సెలవుల్లో ఈ సంగతంతా నాయనకు చెప్పాను. శ్రద్ధగా విని ఒక్కటే అడిగాడు: "అంతా మంచిగనే ఉంది బిడ్డా. గింజకు ధర ఎంతొస్తది?"

నా దగ్గర జవాబు లేదు. మిత్రులారా, ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన నాడే మన సైన్సు చేను దాకా వచ్చినట్టు.