నూనె కూర్పు మారింది, కొనుగోలు పద్ధతి మారలేదు

ఉత్పరివర్తన ప్రజననం అనగానే మన ప్రాంతంలో మొదట స్ఫురించేది ‘అరుణ’ ఆముదం. హెచ్.సి. 6 రకం విత్తనాన్ని థర్మల్ న్యూట్రాన్లకు గురిచేసి రూపొందించిన ఈ వంగడం పంటకాలాన్ని సుమారు 270 రోజుల నుండి 120 రోజులకు కుదించింది. ఆ లాభం రైతు కంటికి కనబడింది. నూనె కూర్పులోని మార్పు అట్లా కనబడదు. పల్నాడులో చిక్కంతా ఇక్కడనే ఉన్నది.

శాస్త్రం తన పని చేసింది. సోవియట్ శాస్త్రజ్ఞుడు సోల్దతోవ్ పొద్దుతిరుగుడు విత్తనాలపై డైమిథైల్ సల్ఫేట్‌ను ప్రయోగించి, అధిక ఓలిక్ ఆమ్లం గల ‘పెర్వెనెట్స్’ను సాధించి 1976లో వెల్లడించాడు. వేరుశనగలో ఆ గుణం అమెరికాలోని ఫ్లోరిడాలో గుర్తించిన సహజ ఉత్పరివర్తనం నుండి లభించింది. ఎఫ్.ఎ.డి. 2 జన్యువులు రెండూ పనిచేయనప్పుడు ఓలిక్ ఆమ్లం లినోలిక్ ఆమ్లంగా మారడం దాదాపుగా నిలిచిపోతుంది. నూనె త్వరగా ముక్కవాసన పట్టదు. ఇక్రిశాట్, జునాగఢ్‌లోని వేరుశనగ పరిశోధన సంస్థ కలిసి ఆ గుణాన్ని సంకరణం ద్వారా గిర్నార్ 4, గిర్నార్ 5 రకాలలోకి తెచ్చాయి. వీటి నూనెలో ఓలిక్ ఆమ్లం 80 శాతం వరకు ఉంటుంది.

అయితే నరసరావుపేట పరిసరాలలో ప్రదర్శన క్షేత్రాలు వేసేవారు ఒక విషయం గమనించాలి. గింజ నిండే దశలో ఉష్ణోగ్రత హెచ్చితే సాధారణ పొద్దుతిరుగుడులో సైతం ఓలిక్ శాతం పెరుగుతుంది. రెంటచింతల ఎండల సంగతి వేరుగా చెప్పనక్కరలేదు! కనుక ఒక్క వేసవి నమూనాను చూపి ఘనత అంతా వంగడానిదే అనుకొనరాదు. చలికాలపు పంటలో కూడ ఆ శాతం నిలిచిననాడే అది జన్యుగుణమని చెప్పవచ్చు.

ఇంతకన్న పెద్ద ప్రశ్న ధరది. మద్దతు ధరకు కొనేటప్పుడు తేమ, చెత్త, దెబ్బతిన్న గింజలు చూస్తారు. కొవ్వు ఆమ్లాల కూర్పును ఎవరూ అడగరు. సాగర్ కుడికాలువ కింద పత్తి, మిరప వేసుకోగల రైతును కేవలం ‘ఆరోగ్యకరమైన నూనె’ అనే మాటతో వేరుశనగకు మళ్ళించబూనడం న్యాయం కాదు. విత్తనం పంచడానికి ముందే నూనె మిల్లుతోనో, వేరుశనగ ఉత్పత్తుల తయారీదారుతోనో అదనపు ధరకు లిఖిత ఒప్పందం కుదరాలి. రైతు ఉత్పత్తిదారుల సంఘం ద్వారా ఒక గ్రామమంతటా ఒకే రకం వేయించడం మేలు. పొద్దుతిరుగుడుకు పొరుగు పొలం పుప్పొడి బెడద ఉన్నది. వేరుశనగ స్వపరాగ సంపర్కం గల పంట. దానికి కల్తీ కళ్ళంలోను, గోదాములోను జరుగుతుంది. ఎకరాకు పడే విత్తనం ఎక్కువ, వృద్ధి నిష్పత్తి తక్కువ. ఒకసారి కలిసిపోయిన విత్తనాన్ని మరల శుద్ధంగా పెంచుకొనడానికి ఏండ్లు పడుతుంది.