బొమ్మకున్న కుర్చీ

పండగ దుకాణాల అద్దాల ముందు ఆగి చూసే ఆడవాళ్ళంటే మన మేధావులకు ఎప్పుడూ చిన్నచూపే. వస్తు వ్యామోహమనీ, మార్కెట్ మాయలో పడ్డారనీ తీర్పు చెప్పేస్తారు. అదే మగవాడు కొత్త మోటారు సైకిల్ ముందు అరగంట నిలబడితే అది అభిరుచి!

ఈ తీర్పును నేను ఒప్పుకోను. మా వెంకటగిరికోట చిత్తూరు జిల్లాలో ఉన్నా మాకు పెద్ద పట్నమంటే బెంగుళూరే. దీపావళికి కమర్షియల్ స్ట్రీట్‌లో, క్రిస్మస్‌కి బ్రిగేడ్ రోడ్డులో అలంకరణలు చూస్తూ తిరగడం నాకిష్టం. ఊళ్ళో ఆడది ఊరికే వీధిలో నిలబడితే ‘ఎవరికోసం?’ అంటారు. అద్దం ముందు ఆ ప్రశ్న ఉండదు. కొనకపోయినా చూడొచ్చు, ఒంటరిగా చూడొచ్చు.

స్త్రీవాద సాంస్కృతిక అధ్యయనాలు ఈ మాట ఎప్పుడో చెప్పాయి. 19వ శతాబ్దపు పారిస్, లండన్‌లలో మధ్యతరగతి స్త్రీ మగతోడు లేకుండా తిరగగలిగిన కొద్ది చోట్లలో డిపార్ట్‌మెంట్ స్టోరు ఒకటి. నిజమే. నా పేచీ అక్కడే ఆగిపోవడంతో. చూసే స్త్రీ స్వేచ్ఛ గురించి ఇన్ని పేజీలు రాసిన మనం అద్దానికి అవతల నిలబడ్డ స్త్రీ గురించి ఎన్ని రాశాం? 1883లో జోలా రాసిన ‘ఓ బోనర్ దే దామ్’ నవలలో చిన్న ఊరినుంచి పారిస్ వచ్చిన దెనీజ్ మొదట ఆ దుకాణం అద్దాల ముందే మైమరచి నిలబడుతుంది. తర్వాత అందులోనే అమ్మకాల పనికి చేరి, రోజంతా నిలబడి కాళ్ళు వాచేలా కష్టపడుతుంది. అద్దానికి రెండు వైపులా ఉన్నది ఒకే అమ్మాయి. మన విశ్లేషణల్లో మాత్రం ఇద్దరూ విడిపోయారు.

పండగ కిటికీలో అందరికంటే ముందు నిలబెట్టేది పట్టుచీరని. మా వైపు పొలాల్లో మల్బరీ పెంచుతారు. పట్టుపురుగు నాలుగుసార్లు కుబుసం విడిచి గూడు కట్టేదాకా దాదాపు నెల రోజులు ఇంట్లో ఆడవాళ్ళకు నిద్ర సరిగా ఉండదు. వేళకు ఆకు కోయాలి, వెయ్యాలి, తట్టలు శుభ్రం చెయ్యాలి. కిలో పట్టుదారం రావాలంటే ఆరేడు కిలోల గూళ్ళు కావాలి. ఇంత చాకిరీ చేసినా లెక్కల్లో రైతు అంటే మగవాడే. ఆ చాకిరీ వద్దనుకున్న ఇళ్ళ పిల్లలే ఇంటరో డిగ్రీయో చదివి పట్నం షోరూముల్లో చేరుతున్నారు. మా వైపు నుంచి వెళ్ళినవాళ్ళకి మూడు భాషలు వచ్చు: తెలుగు, కన్నడం, తమిళం. కౌంటరు దగ్గర ఆ నైపుణ్యానికి విడిగా ధర లేదు.

అలాంటి ఒక అమ్మాయిని అడిగాను, కాసేపు కూచోకూడదా అని. “కూచుంటే కెమెరాలో కనిపిస్తాదక్కా” అంది. పురుషుడి చూపు గురించి మనం సిద్ధాంతాలు చదివాం. యజమాని చూపు గురించి ఆ పిల్ల ఒక్క ముక్కలో చెప్పింది. ఆమె వెనక కిటికీలో పండగ కళ కోసం కుర్చీ వేసి, అందులో పట్టుచీర కట్టిన బొమ్మను కూచోబెట్టారు.

కుర్చీ చిన్న విషయం కాదు. ప్రతి ముగ్గురు మహిళా ఉద్యోగులకు కనీసం ఒక సీటు ఉండాలని బ్రిటన్ 1899లోనే చట్టం చేసింది. మన దేశంలో ఈ పోరాటాన్ని నడిపింది కోళికోడ్ దుకాణాల్లో పనిచేసే స్త్రీలు. దర్జీపని చేసే విజి నాయకత్వంలో ‘పెణ్‌కూట్టు’ సంఘం ముందు మరుగుదొడ్డి అడిగింది, తర్వాత కూచునే హక్కు అడిగింది. 2018లో కేరళ చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడు కూడా ఆ దారి పట్టింది. ఈ విజయం విశ్వవిద్యాలయాల నుంచి రాలేదు. స్త్రీ దేహం గురించి అంత రాసిన మన సాహిత్యం మూత్రం ఆపుకుని నిలబడ్డ దేహాన్ని ఎంత పట్టించుకుంది?

చట్టం వచ్చినంత మాత్రాన స్టూలు మీద కూచునే ధైర్యం రాదని నాకు తెలుసు. పండగ రద్దీలో ఆ స్టూలు మీద చీరల కట్టలే కూచోవచ్చు. అయినా హక్కు కాగితం మీదైనా ఉంటే అడగడానికి ఆసరా ఉంటుంది.

అందుకని అద్దాలు చూడ్డం మానేద్దామని నేననను. ఆ అందం కూడా ఎవరో ఒకరి శ్రమే. తృప్తిగా చూద్దాం. తర్వాత లోపలికి వెళ్ళి, బీరువాల నిండా చీరలు దింపించే ముందు, “నువ్వు కూచోడానికి ఏముందమ్మా?” అని యజమానికి వినపడేలా అడుగుదాం. కొనే స్త్రీ మాటకి అక్కడ విలువ ఉంది. ఆ విలువను డిస్కౌంటు కోసమే ఎందుకు ఖర్చు పెట్టాలి?