బంతియాటలో మేటి బాలికలు – కళాశాలల పిలుపు

ఏటేట నవంబరు నెల వచ్చుసరికి అమెరికా సంయుక్త రాష్ట్రములలోని ఉన్నత పాఠశాలలయందు ఒక చిన్న వేడుక జరుగుచుండును. బడిలోని పెద్దగదిలో బల్ల వేసి, దానిపై వస్త్రము పఱచి, తల్లిదండ్రులను వెనుక నిలువబెట్టి, కడపటి తరగతి చదువు బాలికచేత ఒక కాగితముపై వ్రాలు చేయింతురు. రాబోవు సంవత్సరమున ఆమె యే విశ్వవిద్యాలయపు జట్టులో ఆడబోవునో ఆ కాగితము తెలుపును. ఆ బాలికల పేర్లు, వారు వేసిన గోలుల లెక్క, వారు చేరబోవు కళాశాలల పేర్లు ఊరి పత్రికలలో వరుసగా అచ్చుపడును. అట్లు పేరు వచ్చువారిలో లాక్రోస్ అను ఆట నాడు బాలికలు పెక్కుమంది.

మన తెలుగు కుటుంబము లనేకము ఆ దేశమున స్థిరపడియున్నవి. మన చెల్లెండ్రును, కుమార్తెలును అచ్చట బిడ్డలను పెంచుచున్నారు. మనుమరాలు ఫోనులో “అమ్మమ్మా, నేను లాక్రోస్ జట్టులో చేరితిని” అని చెప్పినప్పుడు, అదియేమి ఆటయో యెఱుగక “మంచిదమ్మా” అని ఊరకుండుటకంటె, దాని పూర్వాపరములు తెలిసికొని రెండు మాటలు చెప్పగలుగుట మేలు గదా! అందుచే ఈ నెల ఆ విషయమును ముచ్చటింతము.

లాక్రోస్ ఆటలో ప్రతి క్రీడాకారిణి చేతను ఒక పొడవైన కఱ్ఱ యుండును. దాని చివర చిన్న వలసంచి కట్టబడియుండును. రబ్బరుబంతిని ఆ వలలో పట్టి, జారిపోకుండ కఱ్ఱను ఊయెలవలె ఊపుచు పరుగెత్తి, తోటివారికి విసరి, తుదకు ఆఱడుగుల పొడవు, ఆఱడుగుల వెడల్పు గల గోలులోనికి కొట్టవలయును. ఆడువారి ఆటలో గోలు కాపరితో కూడ ఒక్కొక్క ప్రక్కను పండ్రెండుగురు ఆడుదురు. మగవారి ఆటలోవలె ఒకరినొకరు మీదపడి త్రోయుట ఇందు నిషిద్ధము. కావున బలముకంటె పాదముల చుఱుకుదనమును, కంటిచూపును, తోటివారి మనస్సు కనిపెట్టు నేర్పును ప్రధానములు. కన్నులకు రక్షణగా తీగెల కండ్లజోడును, పండ్లకు రక్షణగా నోటితొడుగును ధరింతురు.

ఈ యాట ఉత్తరామెరికాలోని ఆదిమజాతులది. హాడెనొషొనీ అను జాతులవారు దీనిని సృష్టికర్త యొసగిన ఆటగా, రోగములను మాన్పు పవిత్ర కర్మముగా నెంచుదురు. ఆ పూజ్యమైన కొయ్యకఱ్ఱను స్త్రీలు తాకరాదను ఆచారము వారిలో ఉన్నది. అయినను ఆ జాతి స్త్రీల జట్టు 2022లో మేరీలాండ్ రాష్ట్రమున జరిగిన ప్రపంచ పోటీలలో తన జాతి పేరుననే ఆడినది. ఆచారమును గౌరవించుచునే ఆడపిల్లకు ఆటస్థలమున చోటు కల్పించుట ఎట్లను చిక్కు మన ఒక్కరిదే కాదని దీనివలన తెలియుచున్నది.

ఆడువారు ఈ యాటను బడిలో నేర్చుటకు కారకురాలు ఒక ఉపాధ్యాయిని. స్కాట్లాండులోని సెయింట్ లెనార్డ్సు బాలికా పాఠశాల పూర్వ ప్రధానోపాధ్యాయినియైన లూయిసా లమ్స్‌డెన్ 1884లో అమెరికా ఖండమునకు వెళ్లినప్పుడు ఈ యాటను చూచి ముచ్చటపడినది. 1890లో ఆ బడిలో బాలికల ఆట మొదలైనది. ఆ బడిలోనే చదివిన రోజబెల్ సింక్లెయిర్ 1926లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున బ్రిన్ మార్ పాఠశాలలో బాలికల జట్టును ఏర్పఱచినది. అనగా ఈ దీపము ఒక స్త్రీ చేతినుండి మఱియొక స్త్రీ చేతికి, ఒక బడినుండి మఱియొక బడికి అందినదన్నమాట. 1972లో ఆ దేశమున ఒక శాసనము పుట్టి, ప్రభుత్వ ధనము పొందు విద్యాలయములలో స్త్రీపురుష భేదము చూపరాదని విధించినది. అప్పటినుండి కళాశాలలలో బాలికల జట్లు వర్ధిల్లినవి. కళాశాలల క్రీడాసంఘమైన ఎన్.సి.ఏ.ఏ. ఆధ్వర్యమున స్త్రీల లాక్రోస్ తొలి పెద్దపోటీ 1982లో జరిగినది. దానిలో మాసచుసెట్స్ విశ్వవిద్యాలయము గెలిచినది.

ఇంతవఱకు సంతోషింపదగిన చరిత్రయే. కాని వెలుగున్నచోట నీడయు నుండును. జట్లు పెరుగగా మంచి క్రీడాకారిణులకై కళాశాలల నడుమ పోటీ పెరిగినది. మేటియైన బాలికను ఇతరులకంటె ముందుగా తమదానిని చేసికొనవలెనని శిక్షకులు తొందరపడసాగిరి. తుదకు ఎనిమిదవ తరగతి, తొమ్మిదవ తరగతి చదువు బాలికలు ఫలానా విశ్వవిద్యాలయమునకు వచ్చెదమని నోటిమాట యిచ్చు స్థితి వచ్చినది. పదుమూడేండ్ల పిల్లకు తాను వైద్యము చదువునో, చరిత్ర చదువునో తెలియదు. ఎంత ఎత్తు పెరుగునో తెలియదు. పదునెనిమిదవ యేట ఆ యాటపై మక్కువ యుండునో లేదో అంతకంటె తెలియదు. ఆ మాట చట్టము దృష్టిలో ఎవ్వరిని కట్టిపడవేయదు. అయినను మాట తప్పిన పిల్ల యను అపవాదునకు వెఱచి ఎందఱు బాలికలు తమ మనస్సు మాఱిన సంగతి చెప్పలేక యుందురో మనము ఊహింపవచ్చును.

ఈ సంగతి వినగా మన యిండ్లలోని పూర్వపు టాచార మొకటి జ్ఞప్తికి రాక మానదు. ఊహ తెలియని పిల్లకు తాంబూలములు పుచ్చుకొని, ఆమె భవిష్యత్తంతయు పెద్దలే నిశ్చయించిన దినములు మనకు క్రొత్తవి కావు. మన దేశమున 1929లో శారదా చట్టము వచ్చి, పదునాలుగేండ్లు నిండని బాలికకు వివాహము కూడదనవలసి వచ్చెను. కళాశాల జట్టులో చేరుట పెండ్లి కాదు. ఆ రెండును సమానమని మేము చెప్పుట లేదు. అయినను రెంటికిని మూలసూత్ర మొక్కటియే: ఆడపిల్ల బ్రదుకును గుఱించిన నిర్ణయము ఆమెకు ఊహ తెలిసినపిమ్మట, ఆమె నోటితో జరుగవలయును.

సంతసింపదగిన దేమనగా, అమెరికాలో ఈ తప్పును శిక్షకుల సంఘములే గుర్తించి మార్పు కోరినవి. 2017 ఏప్రిలులో ఎన్.సి.ఏ.ఏ. క్రొత్త నియమము చేసినది. పదునొకండవ తరగతిలో సెప్టెంబరు 1వ తేదీ వచ్చువఱకు మొదటిశ్రేణి విశ్వవిద్యాలయముల శిక్షకులు బాలికను తమ జట్టునకు పిలుచుచు ఉత్తరములు వ్రాయరాదు, ఫోనులో మాటాడరాదు, కలిసికొనరాదు. ఆ విధముగా బాలికలకు తమ బాల్యములో రెండుమూడేండ్లు తిరిగి దక్కినవి.

ముందుగా ఎంచుకొననిచో అవకాశము చేజాఱునని భయపడు తల్లులకు కొందఱు ప్రఖ్యాత క్రీడాకారిణుల చరిత్రలు ధైర్యము చెప్పగలవు. మేరీలాండ్ రాష్ట్రములోని మెక్‌డొనా పాఠశాల జట్టు 2009 మొదలు 2018 వఱకు వరుసగా 198 ఆటలు గెలిచినది. ఆ బడినుండి వచ్చిన టేలర్ కమ్మింగ్స్ మేరీలాండ్ విశ్వవిద్యాలయమున చేరి, ఉత్తమ క్రీడాకారిణి కొసగు టెవారాటన్ బహుమానమును 2014, 2015, 2016లలో వరుసగా మూడుమారులు పొందినది. ఇది నేరుగా సాగిన దారి. అందఱి దారియు నట్లుండదు.

షార్లట్ నార్త్ టెక్సాసు రాష్ట్రపు బాలిక. ఈ యాటకు పేరుపడిన తూర్పుతీరమునకు అది చాల దూరము. ఆమె మొదట డ్యూక్ విశ్వవిద్యాలయమున చేరి, రెండేండ్లు ఆడి, పిమ్మట బోస్టన్ కళాశాలకు మాఱినది. 2021లో ఒక్క ఋతువునందే 102 గోలులు వేసి, తన జట్టును జాతీయ విజేతగా చేసినది. ఆ యేడును, మఱుసటి యేడును టెవారాటన్ ఆమెదే. మొదట ఎంచుకొన్న చోటు సరిపడనిచో మార్చుకొనుట అవమానము కాదని ఆమె చరిత్ర చెప్పుచున్నది.

ఇజ్జీ స్కేన్ మిషిగన్ రాష్ట్రమునుండి నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయమునకు వచ్చినది. 2021 చివర ఆమె మోకాటి బంధకము తెగినది. 2022లో ఒక్క ఆటయు ఆడలేదు. ఆ యేడంతయు ఓర్పుతో కాలు బాగుచేసికొని, 2023లో తన జట్టుతో జాతీయ విజయము సాధించి, 2023, 2024లలో టెవారాటన్ పొందినది. కనెక్టికట్ రాష్ట్రపు క్లోయీ హంఫ్రీ కూడ నార్త్ కరోలినా విశ్వవిద్యాలయమున చేరిన తొలియేట గాయముచే ఆడలేకపోయినది. మఱుసటి యేడు, 2025లో, తన అక్కలిద్దఱితో ఒకే జట్టులో ఆడి, ఒక్క ఓటమియు లేకుండ జాతీయ విజయము నొంది, టెవారాటన్ కూడ గెలిచినది.

మఱియొక చరిత్ర వింతయైనది. 2002 ప్రాంతమున నార్త్‌వెస్టర్న్‌లో జట్టును తిరిగి కట్టుచున్న శిక్షకురాలు కెల్లీ అమాంటీ హిల్లర్, విద్యాలయపు ఆవరణలో పరుగెత్తుచున్న కోస్టర్ అను కవల అక్కచెల్లెండ్రను చూచి, జట్టులోనికి రమ్మని పిలిచినది. వారు అంతకుముందు లాక్రోస్ ఆడినవారే కారు. ఆ కవలలతో కూడిన జట్టు 2005లో ఓటమి యెఱుగక జాతీయ విజేతయైనది. పదుమూడవ యేట ఏ పట్టికలోను పేరు లేని బాలికలు సైతము ఇట్లు పైకి రాగలరు.

ఇక సొమ్ము సంగతి. కళాశాల పిలిచినదనగానే చదువంతయు ఉచితమని పలువురు భ్రమపడుదురు. మూడవశ్రేణి కళాశాలలు ఆటకొఱకు విద్యార్థివేతనము లియ్యనే యియ్యవు. హార్వర్డు, యేలు, ప్రిన్స్‌టను మొదలగు ప్రాచీన విద్యాపీఠములును ఆటకై వేతనమియ్యక, కుటుంబపు అవసరమును బట్టియే సహాయము చేయును. మొదటిశ్రేణిలో 2025కు పూర్వము ఒక్కొక్క జట్టు పండ్రెండు పూర్తి వేతనములు మాత్రమే ఇయ్యగలిగెడిది. ఆ పండ్రెండింటినే ముప్పదిమందికి మించిన జట్టులో ముక్కలు చేసి పంచెడివారు. 2025 జూనులో న్యాయస్థానము ఆమోదించిన ఒడంబడికవలన, దాని కంగీకరించిన విద్యాలయములలో ఆ మితి తొలగినది. దానికి మాఱుగా జట్టులో 38 మందికి మించి యుండరాదను మితి వచ్చినది. మితి తొలగినంతమాత్రమున సొమ్ము వచ్చి ఒడిలో పడదు. చోట్లు మాత్రము లెక్కకు కట్టుపడినవి. ఇటు చిన్ననాటినుండి సంఘజట్లకు, వేసవిపోటీలకు, ప్రయాణములకు తల్లిదండ్రులు పెట్టు వ్యయము తక్కువది కాదు. వచ్చు వేతనమును మాత్రమే నమ్ముకొని ఈ దారి పట్టుట గృహిణులు చేయదగిన లెక్క కాదు.

కావున అట్టి పిలుపు వచ్చిన యింటి తల్లి సిగ్గుపడక అడిగి తెలిసికొనవలసిన సంగతులు కొన్ని కలవు. ఇచ్చెదమన్న సొమ్ము ఒక్క యేటికా, నాలుగేండ్లకా? కాలు విఱిగి ఆట మానవలసివచ్చినచో ఆ సొమ్ము నిలుచునా? ఋతువునందు వారమునకు ఇరువది గంటలవఱకు సాధనము చేయింపవచ్చునని నియమము గలదు. పిల్ల చదువదలచిన విషయమునకు ఆ సాధనము అడ్డువచ్చునా? గాయపడిన బాలికలను శిక్షకురాలు ఎట్లు చూచుకొనును? ఈ ప్రశ్నలకు మాటలతో కాక కాగితముపై జవాబు పొందుట ఉత్తమము. ఆ జట్టులో ఉన్న పై తరగతి బాలికలతో పిల్లను ఒంటరిగా మాటాడనిచ్చుట యంతకంటె ఉత్తమము.

అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న యింటిలోనే అడుగవలసినది: “అమ్మా, రేపటినుండి నీవు బంతి పట్టజాలకపోయినను ఆ కళాశాలలో నీకు సంతోషముగా నుండునా?” ఔనని పిల్ల తడుముకొనక చెప్పినచో నిశ్చింతగా వ్రాలు చేయింపవచ్చును. తడుముకొన్నచో మఱికొన్నాళ్లు ఆగవలయును. నిదానమే ప్రధానమని పెద్దలు ఊరక చెప్పలేదు.

ఆట మానుమని మేము చెప్పుట లేదు. ఎండలో పరుగెత్తి, ఓడి, మరల లేచి, తోటివారితో కలిసి గెలుచుట నేర్చిన బాలిక జీవితమున దేనికిని తేలికగా బెదరదు. 2028లో లాస్ ఏంజలిసు ఒలింపిక్ పోటీలలో స్త్రీల లాక్రోసునకును చోటు కల్పించవలెనని 2023లో నిశ్చయమైనది. ఆ దారిని పోదలచిన ఆడపిల్లలకు మనము మనఃపూర్వకముగా జయము కోరుదము. దారి యేదైనను, తొలియడుగు పిల్ల తానే తెలిసి వేయునట్లు చూచుట తల్లుల ధర్మము.