డేరాకు ఏ మేకు?



గుడివాడనుంచి ఒక తమ్ముడు ఉత్తరం రాశాడు. సంక్రాంతి వెళ్ళాక వాళ్ళ బడి స్కౌట్లు దివిసీమ వెళ్ళి, మూడు రాత్రులు డేరాలు వేసుకుని ఉంటారట. "ఇనపమేకులు పట్టుకెళితే సంచీ బరువు. కొయ్యవి పట్టుకెళితే విరుగుతాయేమోనని భయం. ఏవి మంచివి?" అని అడిగాడు. డేరాగుడ్డను చూసి మురిసేవాళ్ళేగాని, మేకు సంగతి అడిగేవాళ్ళు తక్కువ. గాలి లేచినప్పుడు డేరాను పట్టి ఉంచేది ఆ జానెడు మేకే గదా!

ముందు తూచి చూద్దాం. పెన్సిలంత లావు, 25 సెంటీమీటర్ల పొడవు గల ఇనపమేకు దాదాపు 100 గ్రాములుంటుంది. డేరాకు 16 మేకులనుకుంటే కిలోన్నర దాటిపోయింది. అదే కొలతల్లో అల్యూమినియం మేకు 34 గ్రాములే. ఘన సెంటీమీటరు ఇనుము 7.8 గ్రాములైతే, అల్యూమినియం 2.7 గ్రాములు మరి. కొయ్య ఇంకా తేలిక గదా అంటారేమో! తేలికే. కాని బొటనవేలి లావున లేకపోతే సుత్తిదెబ్బకు ఆగదు. అంత లావు సరుగుడు మేకును తూచి చూడండి, సన్నని ఇనపమేకుతో పోటీపడుతుంది.

అయితే వట్టి అల్యూమినియం మెత్తన, తొందరగా వంగుతుంది. 1906లో జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ విల్మ్ అనే ఆయన, రాగీ మెగ్నీషియమూ కాస్త కలిపిన అల్యూమినియాన్ని వేడిచేసి చల్లార్చి ఉంచితే, అది దానంతటదే రోజురోజుకూ గట్టిపడటం గమనించాడు. అటువంటి మిశ్రలోహాలతోనే విమానాలు కట్టారు. మంచి డేరామేకులూ ఆ జాతివే.

లోహం ఒక్కటే చాలదు, ఆకారం కూడా చూడాలి. ఒక పోస్టుకార్డును రెండు పుస్తకాలమీద వంతెనలా పెట్టి, పైన రూపాయి బిళ్ళలు ఉంచండి. వంగిపోతుంది. అదే కార్డును పొడుగునా మధ్యకు మడిచి, కాలవలా నోరు పైకి ఉండేట్టు పెట్టి, అందులో బిళ్ళలు వేయండి. ఈసారి ఆగుతుంది! కాలవలా మడత ఉన్న మేకు సన్నని రేకుతో చేసినా వంగకపోవటానికి కారణం ఇదే. పైగా వెడల్పు ఎక్కువ గనుక, ఎక్కువ మట్టిని ఒత్తి నిలుస్తుంది.

ఇక మట్టి సంగతి. అసలు చిక్కంతా ఇక్కడే ఉన్నది. గుడివాడ నల్లరేగడి ఎండాకాలంలో రాయి. అక్కడ వెడల్పు మేకు దిగదు, సన్నని ఇనపమేకే శరణ్యం. వాన పడిందా, అదే నేల వెన్నముద్ద. బందరు దగ్గర మంగినపూడి తీరంలో కూడా కాలికి తగిలేది నల్లమట్టే. దివిసీమలో హంసలదీవి దగ్గర మాత్రం ఇసక. ఇసకలో ఎంత ఖరీదు మేకైనా పొట్టిదైతే పళ్ళూడినట్టు ఊడి వస్తుంది. అక్కడ మేకులు మానేసి, మూరెడు తాటిమట్ట ముక్క నడుముకు తాడు కట్టి, మోకాలిలోతు గోతిలో అడ్డంగా పడుకోబెట్టి పూడ్చి తొక్కండి. తాడు లాగినప్పుడు ఆ మట్ట తన ముందున్న ఇసకనంతా లాగాలి. ఇద్దరు లాగినా కదలటం కష్టం. బరువా? ఊళ్ళోనే దొరికేదానికి మోతేమిటి!

చిన్నప్పుడు ఒక క్యాంపులో నేను మంచి మేకులే కొట్టి, తాడును మాత్రం మేకు తలకు కట్టాను. నేలకూ తాడుకూ మధ్య బెత్తెడు ఎడం. ఆ ఎడమే గడకర్రలా పనిచేసి, అర్ధరాత్రి గాలికి మేకును కూకటివేళ్ళతో పెకలించింది. తడిసిన డేరా కింద నలుగురం తెల్లవార్లూ ముడుచుకుని కూచున్నాం. ఆ నలుగురిలో ముగ్గురు నాతో రెండు రోజులు మాట్లాడలేదు. కనుక తాడు నేలకు ఆనుకుని ఉండాలి. మేకు తల డేరాకు దూరంగా, మొన డేరావైపుకు వాలి ఉండాలి.

సంక్రాంతి తరవాత వెళుతున్నారు గనుక సరిపోయింది. అక్టోబరు, నవంబరు నెలల్లో అయితే సముద్రపు ఒడ్డున డేరా వేయనే వద్దనేవాణ్ణి. 1977 నవంబరు 19న దివిసీమమీద విరుచుకుపడ్డ ఉప్పెనలో వేలాదిమంది కొట్టుకుపోయారు. అటువంటి గాలికి ఏ మేకూ లేదు.

తమ్ముడూ, నువ్వు పది అల్యూమినియం మేకులు, రేగడికోసం ఆరు ఇనపవి పట్టుకెళ్ళు. ప్రతిదాని తలకు ఎర్రగుడ్డ పేలిక కట్టు. వచ్చేటప్పుడు పదహారూ లెక్కపెట్టుకో. ఒకటి పొలంలో మిగిలితే, రేపు ఏ ఎద్దు గిట్టలోనో, ఏ రైతు అరికాలులోనో దిగుతుంది. తాటిమట్ట ఎంత గాలికి ఆగిందో నాకు రాయి.