వార్తల గదికి ఏ చదువు దారి?

డిగ్రీ, పీజీ ప్రవేశాల ప్రకటనలు వెలువడే ప్రతి వేసవిలోనూ విద్యార్థులు నన్ను ఒకే ప్రశ్న అడుగుతారు: ‘సార్, మీడియాలోకి వెళ్లాలంటే జర్నలిజమే చదవాలా, వేరే ఏది చదివినా ఫరవాలేదా?’ అడిగేవారిలో అత్యధికులు దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల పిల్లలు. తమ ఇళ్లలో కళాశాల మెట్టు ఎక్కిన మొదటి తరం వారే. తప్పుడు ఎంపిక చేసుకుంటే పోయే మూడేళ్లను తిరిగి కొనుక్కునే స్తోమత ఆ ఇళ్లకు లేదు. కనుక ఈ ప్రశ్నకు జవాబు జాగ్రత్తగా చెప్పాలి.

పాత్రికేయ ప్రముఖుల నోట తరచుగా వినిపించే జవాబు ఒకటుంది: ‘ఏ డిగ్రీ అయినా ఒకటే. రాయడం వస్తే చాలు, మిగతాది పనిలో నేర్చుకోవచ్చు.’ ఇందులో సగం నిజం ఉంది. వైద్యానికి, న్యాయవాదానికి ఉన్నట్టు పాత్రికేయానికి మన దేశంలో లైసెన్సు లేదు. ఫలానా పట్టా ఉండి తీరాలన్న చట్టమూ లేదు. కానీ పట్టా అడగని చోట మనిషిని దేన్ని చూసి లోపలికి రానిస్తారు? పరిచయాన్ని చూసి, ఇంటిపేరును చూసి, మాట తీరును చూసి, జీతం లేకుండా ఆరు నెలలు నగరంలో గడపగల శక్తిని చూసి. ‘ఏ డిగ్రీ అయినా ఒకటే’ అన్నది ఇవన్నీ పుట్టుకతోనే ఉన్నవారికి పనికొచ్చే సలహా. అవి లేనివారికి అదే సలహా ఇవ్వడం న్యాయం కాదు.

ఇది కేవలం నా అనుమానం కాదు. 1996లో పాత్రికేయుడు బి.ఎన్. ఉనియాల్ ఢిల్లీలో ఒక దళిత పాత్రికేయుడి కోసం వెతికి, దొరకక, ఆ వెతుకులాటనే ‘పయనీర్’ పత్రికలో వ్యాసంగా రాశారు. పదేళ్ల తర్వాత 2006లో యోగేంద్ర యాదవ్, అనిల్ చమడియా, జితేంద్ర కుమార్ ఢిల్లీలోని 37 మీడియా సంస్థల్లో కీలక నిర్ణయాలు తీసుకునే 315 మంది వివరాలు సేకరించారు. వారిలో ఒక్క దళితుడు లేడు, ఒక్క ఆదివాసీ లేడు. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి 121 నాయకత్వ స్థానాలను పరిశీలిస్తే 106 అగ్రకులాల చేతుల్లో ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీల వాటా సున్నా. ఇరవై మూడేళ్లు గడిచినా పైమెట్టు మీద లెక్క మారలేదు.

తెలుగు నేల మీద ఈ అసమానత మరో రూపం ధరించింది. జిల్లా ఎడిషన్లు వచ్చాక వార్తలు మండల కేంద్రం నుంచి కావలసి వచ్చాయి. దానితో బహుజన యువకులకు కంట్రిబ్యూటర్లుగా, స్ట్రింగర్లుగా తలుపు కొంత తెరుచుకుంది. అయితే ఆ తలుపు గేటు దగ్గరి గదికే తెరుచుకుంది. అచ్చయిన లైన్ల లెక్కన కొద్దిపాటి పారితోషికం, పండుగలకూ నాయకుల పుట్టినరోజులకూ ప్రకటనలు తేవాలన్న లక్ష్యం, ఉద్యోగ భద్రత లేని బతుకు. వాడలో జరిగిన దాడి గురించి వార్త పంపేది ఒకరైతే, అది మొదటి పేజీకి ఎక్కాలా, లోపలి పేజీలో నాలుగు లైన్లకు కుదించాలా అని నిర్ణయించే కుర్చీ మరొకరిది. మన పిల్లలు చదవాల్సింది గేటు దాటడానికి మాత్రమే కాదు, ఆ కుర్చీ దాకా వెళ్లడానికి.

అందుకే నా జవాబు రెండు మెట్లుగా ఉంటుంది. మొదటి డిగ్రీలో ఒక శాస్త్రాన్ని గట్టిగా చదవండి: ఆర్థికశాస్త్రం, చరిత్ర, రాజనీతిశాస్త్రం, సమాజశాస్త్రం, గణాంకశాస్త్రం, న్యాయశాస్త్రం, ఏదైనా సరే. ఆ తర్వాత ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో జర్నలిజం పీజీ చేయండి. మూడేళ్ల డిగ్రీ మొత్తం జర్నలిజానికే ఇస్తే వార్త ఎలా రాయాలో తెలుస్తుంది కానీ, దేని గురించి రాయాలో తెలియకపోవచ్చు.

ఉదాహరణలు చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం వచ్చింది. తెలంగాణలో 2017లో దాని స్థానంలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చింది. కేటాయించిన సొమ్ము ఏ పద్దు కింద ఎటు మళ్లిందో చెప్పాలంటే బడ్జెట్ పుస్తకం చదవడం రావాలి. అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసును డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి దర్యాప్తు చేయాలన్న నిబంధన తెలిసిన విలేకరి పోలీసు స్టేషన్‌లో అడిగే ప్రశ్న వేరుగా ఉంటుంది. ఎస్సీ వర్గీకరణపై 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన తీర్పును స్వయంగా చదివి రాయడానికీ, నాయకుల ప్రకటనలను పక్కపక్కన పేర్చడానికీ ఎంతో తేడా ఉంది. కులగణన అంకెలూ అంతే. శాతాలను ప్రశ్నించడం రానివాడు ప్రభుత్వం చెప్పినదీ రాస్తాడు, ప్రతిపక్షం చెప్పినదీ రాస్తాడు, తాను కనుగొన్నదేదీ రాయలేడు.

ఇందులో మరో మేలు ఉంది. దళిత విలేకరి అనగానే దళిత వార్తలకే పరిమితం చేసే అలవాటు వార్తల గదుల్లో ఉంది. ఆర్థికం, న్యాయస్థానాలు, వ్యవసాయం, వైద్యం, ఏదో ఒక రంగం మీద పట్టు ఉన్నవాడిని ఆ మూలకు నెట్టడం అంత సులువు కాదు.

అంబేడ్కర్ జీవితంలోని ఒక వాస్తవం ఇక్కడ గుర్తుచేయాలి. ఆయన 1913లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరేనాటికే అక్కడ జర్నలిజం పాఠశాల మొదలై ఏడాది అయింది. ఆయన చదివింది ఆర్థికశాస్త్రం. 1920 జనవరి 31న ‘మూక్‌నాయక్’, 1927లో ‘బహిష్కృత్ భారత్’ వెలువరించింది ఆ చదువు నేర్పిన విశ్లేషణ బలంతోనే.

మరి రెండో మెట్టు ఎందుకు? అంబేడ్కర్ సొంత పత్రిక పెట్టారు. మన పిల్లలు ఇతరుల సంస్థల్లో ఉద్యోగం వెతుక్కోవాలి. అక్కడ రిజర్వేషన్ లేదు. సీటులో రిజర్వేషన్, ఉపకారవేతనం, హాస్టల్, గ్రంథాలయం ఉన్న విశ్వవిద్యాలయంలో గడిపే ఆ రెండేళ్లే రాజ్యాంగం తోడుగా నడిచే చివరి దూరం. ఉస్మానియాలో జర్నలిజం విభాగం 1954 నుంచీ ఉంది. ఇంటిపేరు ఇవ్వని పరిచయాలను సీనియర్లు, అధ్యాపకులు, ఇంటర్న్‌షిప్‌లు ఇవ్వాలి. లక్షల ఫీజు వసూలు చేసే ప్రైవేటు సంస్థల స్టూడియో హంగులు చూసి అప్పు చేయవద్దు. గత రెండు బ్యాచ్‌ల వారు ఇప్పుడు ఎక్కడ, ఎంత జీతానికి పనిచేస్తున్నారో కనుక్కోండి. భృతి ఇచ్చి శిక్షణనిచ్చే పత్రికల సొంత పాఠశాలలు మంచి దారే. అయితే చేరేముందు ఒప్పంద పత్రంలో ఎన్నేళ్లకు సంతకం పెడుతున్నారో చదువుకోండి.

ఏ డిగ్రీ చదివినా భాషను వదలవద్దు. ఇంట్లో మాట్లాడే తెలుగును ‘తప్పు’ అని కొట్టేసే డెస్కులు ఇంకా ఉన్నాయి. పత్రికా భాష మీద పట్టు సాధించండి. మీ ఊరి మాటను సిగ్గుపడి వదులుకోకండి. తీర్పులు, నివేదికలు చదివి అర్థం చేసుకునేంత ఇంగ్లీషు తప్పదు.

ఇంత చెప్పాక భారమంతా విద్యార్థి నెత్తిన పెట్టి ఊరుకుంటే అది అన్యాయం. అమెరికాలో 1968లో కెర్నర్ కమిషన్ పత్రికలు తెల్లవారి కళ్లతోనే లోకాన్ని చూస్తున్నాయని తప్పుపట్టింది. 1978లో అక్కడి సంపాదకుల సంఘం నల్లజాతి, ఇతర మైనారిటీ పాత్రికేయుల సంఖ్య పెంచే లక్ష్యం పెట్టుకుని ఏటా లెక్క ప్రకటించడం మొదలుపెట్టింది. లక్ష్యం నెరవేరలేదు కానీ, లెక్క బయట ఉన్నందున అడిగేవారికి ఆధారం దొరికింది. ప్రభుత్వ శాఖల్లో సామాజిక న్యాయం ఎంత అని సంపాదకీయాలు రాసే మన పత్రికలు, చానళ్లు తమ డెస్కుల లెక్క ఎందుకు చెప్పవు? ఇంటర్న్‌షిప్‌లకు వేతనం ఎందుకు ఇవ్వవు? ప్రభుత్వాలు ఫీజు బకాయిలు, విశ్వవిద్యాలయాలు అధ్యాపక ఖాళీలు అలాగే ఉంచితే నేను చెప్పిన రెండు మెట్లలో రెండోది విరిగిపోతుంది.

విద్యార్థులకు నా మాట ఇదే: మీకు పట్టా అవసరం లేదని చెప్పేవారి పిల్లలు ఎక్కడ చదువుతున్నారో చూడండి. మీరు ఒక విషయాన్ని లోతుగా చదవండి, వృత్తిని పద్ధతిగా నేర్చుకోండి. ఆ తర్వాత కూడా తలుపు తెరవకపోతే, లోపం మీ చదువులో లేదని గట్టిగా చెప్పే హక్కు మీకుంటుంది.